మ్యూట్ దీపం వెలుగుతూనే ఉంది

నమ్మమని మిమ్మల్ని బతిమాలను. బతిమాలడం మా ఇంట్లో ఎవరికీ రాదు. కానీ ఇది జరిగింది. ఎవరో చెప్పగా విన్నది కాదు. నిద్రమత్తులో అనుకున్నది కాదు. నా చెవులతో నేను విన్నాను... ఆ రాత్రి నేను తాగింది మిషన్ కాఫీ తప్ప ఇంకేమీ లేదు.

అప్పటికి ఇంకా రెండు వేల సంవత్సరం రాలేదు. మాదాపూర్‌లో రోడ్డుకు ఒకపక్క మా అద్దాల భవనం, ఇంకోపక్క బండరాళ్ళు. చీకటి పడ్డాక ఆ రాళ్ళ మీద మా ఆఫీసు సుమోల లైట్లు తప్ప మరో వెలుగు పడేది కాదు. నాలుగో అంతస్తులో కస్టమర్ సర్వీసు. అమెరికాలో ఎవరి ఫ్రిజ్ పాడైనా ఫోను మోగేది ఇక్కడ.

అది నా మొదటి ఉద్యోగం. చేరిన రోజే పేరు మార్చేశారు. మా ముత్తాతగారి పేరు పెట్టుకున్నవాణ్ణి ఫ్రాంక్ అన్నారు. పళ్ళు బిగించి సరే అన్నాను. కానీ రెండోది మింగుడుపడలేదు. అవతలివాళ్ళు కోపంగా ఉంటే మన మొదటి మాట 'సారీ' కావాలట. తప్పు ఎవరిదైనా సరే. ఆ ఫ్రిజ్ నేను చేయలేదు, అమ్మలేదు. నా అద్దె గదిలో ఫ్రిజ్ లేనే లేదు. నేనెందుకు చెప్పాలి?

మాది గోదావరి పక్క. ఒకప్పుడు మా ఇంటిని దివాణం అనేవారు. ఇప్పుడు అది ఒక రైసుమిల్లు యజమానిది. వరండా నిండా ధాన్యం బస్తాలు. ఇల్లు ఖాళీ చేసిన రోజు వాడు నాతో అన్నాడు. "ఎక్కడా కుదరకపోతే వచ్చేయండి బాబుగారూ. మిల్లులో గుమాస్తా పని ఉందండి. మీకు కుర్చీ కూడా వేయిస్తాను."

కుర్చీ వేయిస్తాడట... వాడి తండ్రి మా తాతగారి ముందు ఏనాడూ కూర్చోలేదు. ఎవరూ కూర్చోలేదు. పని మీద వచ్చినవాళ్ళు ఆ వరండాలో పూటలకు పూటలు నిలబడేవారు. తాతగారికి నశ్యం అలవాటు. వెండి డబ్బా. మూత తీస్తే 'టక్' మనేది. ఆ చప్పుడు అయ్యాకే ఆయన నోరు విప్పేవారు. ఆయన పోయేదాకా ఆ నోటి నుంచి క్షమించమన్న మాట ఎవరూ వినలేదు.

ఇది ఎందుకు చెబుతున్నానో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

ఆ రాత్రి షిఫ్టు మొదలవగానే మా టీమ్ లీడర్ సునీత నన్ను అద్దాల గదిలోకి పిలిచింది. వరంగల్ అమ్మాయి. వయసులో నాకంటే చిన్న.

"చూడు ఫ్రాంక్, ఇయ్యాల నీ కాల్స్ అన్నీ ఈ రూముల కూసొని నేను వింటున్న. కోపంల ఉన్న కస్టమర్‌కు మొదటి మాట సారీ అనాలె. అనలేదనుకో, పొద్దుగాల సుమోల రూముకు పోతవ్, మళ్ళ రావు."

"నేను మర్యాదగానే మాట్లాడుతున్నాను కదండీ."

"మర్యాదనే. కానీ వాళ్ళే నీ తాన కొలువు చేస్తున్నట్టు మాట్లాడుతవ్."

వచ్చి సీట్లో కూర్చున్నాను. పక్క సీటు రియాజ్ నవ్వాడు.

"ఏంది నవాబ్ సాబ్, సారీ అంటే నాలుక మీద పుండు లేస్తదా? నేను రాత్రంతా అదే అంట. అలవాటుల మా అమ్మీకి కూడా అంటున్న. ఏం తప్పు చేసినవ్ రా అని ఆమె పరేషాన్ అయితున్నది."

నాకు నవ్వు రాలేదు. ఉద్యోగం పోతే మిగిలేది ఆ కుర్చీ. నా కళ్ళ ముందు అదే ఉంది.

మొదట్లో వచ్చిన కాల్స్ మామూలువి. తర్వాత... ఆ కాల్.

ఒక ముసలామె. ఎత్తుతూనే అరుపు. ఫ్రిజ్ ఆగిపోయిందట. భర్తకు వేసే ఇన్సులిన్ అంతా పాడైందట. ఎన్నిసార్లు చేసినా పాట వినిపించి ఇంకొకరికి కలుపుతున్నారట. "మీలో ఒక్కరైనా మనిషి ఉన్నారా?" అని ఇంగ్లీషులో అరిచింది.

నేను మ్యూట్ నొక్కాను. అందరం చేసే పనే అది. మ్యూట్ నొక్కి, మన భాషలో నాలుగు తిట్టుకుని, మళ్ళీ తీసి తియ్యగా మాట్లాడటం. మ్యూట్‌లో ఉంటే మన మాట అవతలికి పోదు. ఫోను మీద చిన్న ఎర్ర దీపం వెలుగుతుంది.

వెలిగింది.

తిట్టు రాలేదు. సారీ కూడా రాలేదు. అద్దం వెనక సునీత పెన్ను పైకెత్తి నన్నే చూస్తోంది. ఒక్క మాట. ఒకే ఒక్క మాట... అనలేకపోతున్నాను. ఎంత ప్రయత్నించినా అనలేకపోతున్నాను.

అప్పుడు...

హెడ్‌ఫోన్‌లో...

టక్.

ఏసీ మోత ఆగిపోయింది. లేదా నేనే వినడం మానేశానేమో. చెవికి ఆనుకుని ఎవరో ఊపిరి పీల్చిన చప్పుడు. ఆ ముసలామెది కాదు. ఆమె ఇంకా అరుస్తూనే ఉంది. ఆ అరుపు మీదుగా, నెమ్మదిగా, ఒక గొంతు...

"సారీ."

నా గొంతు. నేను ట్రైనింగులో నేర్చుకున్న ఇంగ్లీషు యాసే. కానీ ఆ మాటను జీవితంలో మొదటిసారి పలుకుతున్నవాడిలా... ఆగి, తడుముకుని.

"మిమ్మల్ని చాలాసేపు నిలబెట్టేశాను."

మాకు రాసిచ్చిన మాటల్లో అలాంటిది లేదు.

దీపం చూశాను. ఎర్రగా ఉంది. చెయ్యెత్తి పెదవులు తడుముకున్నాను. మూసుకుని ఉన్నాయి.

అవతల అరుపు ఆగింది. తర్వాత ఆమె, చిన్నగా అంది. "అవును. మా ఫోను గోడకుంటుంది. అప్పటినుంచి నిలబడే ఉన్నాను. నీకెలా తెలుసు?"

"కూర్చోండి" అంది ఆ గొంతు.

కుర్చీ లాగిన చప్పుడు... స్పష్టంగా విన్నాను. తర్వాత ఆమె ఏడుపు.

మ్యూట్ తీశాను. అంతవరకూ దీపం వెలుగుతూనే ఉంది. మందు సంగతి వెంటనే డాక్టరుతో మాట్లాడమన్నాను. చిరునామా తీసుకున్నాను. మెకానిక్‌ను పంపే ఏర్పాటు చేశాను. ఆ మాటలు మాత్రం నావే.

సునీత బయటికొచ్చింది. "గిట్ల మాట్లాడొస్తది గదా. ఇన్ని దినాలు నన్నెందుకు సతాయించినవ్?"

"మేడమ్, నేను మ్యూట్‌లో ఉన్నానండీ."

"నాకైతే సాఫ్ వినబడ్డది."

రియాజ్‌ను అడిగాను. "నువ్వు నా పక్కనే ఉన్నావు కదా. నేను మాట్లాడానా?"

"ఏమో భాయ్. నేను నా కస్టమర్‌కు సారీ చెప్తున్న."

ఫోన్లు బాగుచేసే అతను వచ్చి బటన్ తిరగేసి చూశాడు. దీపం ఇరుక్కుపోయి ఉంటుందట. టక్ మన్నది బటన్‌లో స్ప్రింగట. మరి మాటలెవరివి అంటే, "మీవే కదా సార్" అని నా మొహం ఎగాదిగా చూశాడు. ఎవరికి చెప్పినా ఇంతే. నా నోటి సంగతి నాకు తెలియదట. వాళ్ళకు తెలుసట.

ఉద్యోగం ఖాయమైంది. అక్కడితో అయిపోతే బాగుండేది. ఆ కాల్ టేపు ఇప్పుడు కొత్తగా చేరే ప్రతి బ్యాచ్‌కూ వినిపిస్తున్నారు. నన్ను ముందు వరసలో కూర్చోబెడతారు. టక్... సారీ... అందరూ చప్పట్లు కొడతారు. నాది కాని మాటకు నాకు చప్పట్లు. ఒకసారి ఒక అమ్మాయి అడిగింది. "ఆమె నిలబడి ఉందని మీకెట్ల తెలిసింది సార్?" శ్రద్ధగా వింటే తెలుస్తుందమ్మా అన్నాను. ఇంకేం చెప్పను?

అది నేనే అయితే, ఆ మాట నాకు ఎప్పుడు వచ్చింది? తాతగారే అనుకుంటే... వరండాలో నిలబడినవాళ్ళలో ఒక్కరికీ చెప్పని మనిషి, ముక్కూ మొహం తెలియని ఆ ముసలామెకు ఎందుకు చెప్పినట్టు?

మొన్న ఎండాకాలంలో రైసుమిల్లు యజమాని ఏదో పని మీద హైదరాబాద్ వచ్చి, నా గది వెతుక్కుంటూ వచ్చారు. చెప్పులు బయట విడిచి గుమ్మంలో నిలబడ్డారు. చెమటతో చొక్కా తడిసిపోయింది. గదిలో ఉన్నది ఒకటే కుర్చీ. అందులో నేనున్నాను.

నేను లేవలేదు. ఆయన నిలబడే ఉన్నారు. అలా ఎంతసేపో...

ఎక్కడో టక్ మంది. కిటికీ రెక్క కావచ్చు. నేను లేచి నిలబడి ఉన్నాను. "కూర్చోండి" అని వినిపించింది.

ఆయన కూర్చున్నారు. నా మొహంలోకి చూసి, "చాలా సంతోషం బాబుగారూ" అన్నారు.

నేనే అన్నానేమో. మీ మీద ఒట్టు... తెలియదు.