ముందు సీటులో పిల్లికూతలు

కరోనా తగ్గిన మరుసటి ఏడాది మాట ఇది. రాజపాళయంలో తెన్‌కాశి రోడ్డు మీద నాకొక షెడ్డు ఉంది. కార్ల ఏసీ, ఎలక్ట్రికల్ పనులు చేస్తాను. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది వారంటీ తీరినవాళ్ళే. వారంటీ ఉన్నన్నాళ్ళూ కంపెనీ సర్వీసు సెంటరులో కూర్చోబెట్టి కాఫీ ఇస్తారు. తీరాక చిన్న రిపేరుకు కూడా పెద్ద బిల్లు చూపిస్తారు. అప్పుడు నేను గుర్తొస్తాను. నాకు వాళ్ళ మీద కోపమేమీ లేదు, నా అన్నం దాంట్లోనే ఉంది.

ఒక సోమవారం సాయంత్రం మిల్లు షిఫ్టు ముగించుకుని గురుసామి వచ్చాడు. నూలు మిల్లులో బ్లోరూమ్ మేస్త్రీ. బ్లోరూమ్ అంటే పత్తి బేళ్ళు విప్పి, దులిపి, దుమ్ము తీసే చోటు. కారులో ఏదో చప్పుడు వస్తోందట. కంపెనీవాళ్ళు బండిని తమ దగ్గరే ఉంచుకుని చూసి, మాకేమీ వినబడలేదన్నారట. గట్టిగా అడిగితే, డాష్‌బోర్డు దించి ఏసీ యూనిట్ మొత్తం మార్చి చూద్దాం, వారంటీ లేదు కనుక ఖర్చు మీదే అన్నారట.

"ఎట్లాంటి చప్పుడు?" అని అడిగాను.

"నవ్వకూడదన్నా. అది మా నాయన ఊపిరి" అన్నాడు.

నేను నవ్వాను. అతను నవ్వలేదు.

వాళ్ళ నాయనదీ ఆ మిల్లే, ఆ బ్లోరూమే. చివరి రోజుల్లో పిల్లికూతలతో పడుకోలేక కూర్చునే నిద్రపోయేవాడట. మదురై ఆసుపత్రికి తీసుకుపోతుంటే ఈ కారులోనే, ముందు సీటులో ప్రాణం పోయింది.

"ఆ చప్పుడు నాకు తెలీదా? చిన్నప్పటి నించి పక్కన పండుకొని విన్నాను. ఇప్పుడు మల్లా వచ్చినాడు. అద్దాలు ఎత్తినామంటే బండిలోపల నించే వస్తాది. మా అమ్మ ఒకతూరి విని, నడిరోడ్డులో దిగేసింది. ఇంక ఎక్కనంటాది. రిపేరయితే దుడ్డు కడతాను. నాయనయితే బండి అమ్మేస్తాను. ఏదో ఒకటి చెప్పండన్నా."

"దయ్యాలకు వారంటీ ఎవరూ ఇయ్యరు, కూర్చో" అని నేను స్టీరింగు ముందు కూర్చున్నాను. అతను పక్క సీటులో కూర్చున్నాడు. అద్దం కింద పూజారి కట్టిన నిమ్మకాయ ఊగుతోంది. చోళపురం దారి పట్టి, అద్దాలు ఎత్తి, బ్లోవర్ పెట్టాను.

వినబడింది. సన్నటి ఈల పైకి లేచి, చివర గీరుకుంటూ దిగుతోంది. మళ్ళీ లేస్తోంది. ఒళ్ళు జలదరించిన మాట నిజమే, కానీ నా చెవి మీద నాకు గర్వం. బ్లోవర్‌కు గాలి అందక చేసే చప్పుడు అనుకుని షెడ్డుకు తిప్పాను.

గ్లవ్‌బాక్సు ఊడదీశాను. దాని వెనక క్యాబిన్ ఫిల్టర్ ఉంటుంది, లోపలికి వచ్చే గాలిలో దుమ్మును ఆపే మడతల కాగితం. మడతలు కనబడనే లేదు. మిల్లు పత్తి దూగర పేరుకుని దిండు ముక్కలా అయింది. "ఇదిగో మీ నాయన!" అని అతని చేతిలో పెట్టాను. పాపం, కళ్ళు తుడుచుకుని నవ్వాడు. కొత్త ఫిల్టర్ వేసి, బ్లోవర్ దులిపాను. ఇంత చిన్న బిల్లా అని సంతోషంగా కట్టాడు.

ఒకసారి కూర్చుని వినకుండా నేను బండి అప్పగించను. ఇద్దరం మళ్ళీ ఎక్కి అద్దాలు ఎత్తాం. గాలి హాయిగా వస్తోంది. బ్లోవర్ ఆపాను. ఇంజను కూడా ఆపాను.

ఈల లేచింది.

తిరిగే వస్తువు ఒక్కటి లేదు ఆ బండిలో. గురుసామి గొంతు తగ్గించి, "విన్నారా? పోలేదు, ఈడనే ఉండాడు" అన్నాడు. అతను మాట్లాడినంతసేపూ చప్పుడు ఆగింది. మాట ముగియగానే మొదలైంది. అతని వైపు తిరిగాను. చొక్కా గుండీ ఆ ఈలతో పాటే లేచి దిగుతోంది.

"గురుసామీ, కొంచెం ఊపిరి బిగబట్టు" అన్నాను.

చప్పుడు ఆగిపోయింది. వదిలాడు. వచ్చింది. ఇంకోసారి నేను చెప్పకుండానే తానే బిగబట్టి చూసుకున్నాడు. తర్వాత చెయ్యి మెల్లగా రొమ్ము మీదికి పోయింది.

"ఇంట్లో ఎవరికీ వినబడలేదా?"

"మా ఇంటికి రెండు పక్కలా బ్యాండేజీ గుడ్డ నేసే పవర్‌లూములే. ఆ సద్దులో ఎవరికి ఏం వినబడతాదన్నా?" రొమ్ము మీది చెయ్యి తియ్యకుండానే, "నాయనకూ మొదట్లో నా మాదిరే సోమవారం సోమవారమే వచ్చింది, లీవు ముగించి మిల్లుకు పోయిన దినం" అన్నాడు. "నాయన వచ్చినాడని భయపడినాను. రాలేదని తెలిసినాక ఇంకా భయంగా ఉండాది."

నాకు ఏడుపొచ్చింది. అద్దాలు దించి, నేనే డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. పత్తి దూగర ఊపిరితిత్తులకు పట్టింది, సెలవు తర్వాత మొదటి రోజే ఎక్కువవుతుంది, ఇంకా ముదరలేదు, దూగరలోకి మాత్రం పోవద్దన్నారు. యూనియన్ వాళ్ళు మాట్లాడి గేటు పనికి మార్పించారు. జీతం తగ్గింది. వాళ్ళ అమ్మ మళ్ళీ బండి ఎక్కుతోంది.

కంపెనీవాళ్ళు అబద్ధం చెప్పలేదు. మనిషి దిగాక విన్నారు, అంతే. అప్పటినుంచి ఏ చప్పుడైనా ఓనరు ఉండగా ఒకసారి, లేకుండా ఒకసారి వింటాను. మిల్లువాళ్ళ బండయితే తీసిన ఫిల్టరును వాళ్ళ చేతిలోనే పెడతాను. "ఇది నీ బండి పీల్చింది. దీన్ని మార్చాను. నువ్వు పీల్చినదాన్ని మార్చే షెడ్డు ఎక్కడా లేదు, పోయి చూపించుకో" అంటాను.