నాయనకు చెప్పని లోడు

ఉద్యోగం వచ్చిందని ఇంటికి ఫోన్ చేసినప్పుడు నేను అబద్ధం చెప్పలేదు. పైలట్‌గా తీసుకున్నారని చెప్పాను, అది నిజమే. ఆ విమానంలో సీట్లు ఉండవని, ముందు కూర్చునే ఇద్దరి వెనక తోక దాకా సరుకే ఉంటుందని మాత్రం చెప్పలేదు. నాయన అడగలేదు కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అడగని ప్రశ్నకు జవాబు చెప్పకపోవడం తప్పు కాదని ఏదో ఒక చట్టంలో ఉండే ఉంటుందని కూడా అనుకున్నాను.

నాయన ముప్పై ఏళ్ళు లారీ తోలాడు. ఆళ్లగడ్డ నుంచి చెన్నైకి, బెంగళూరుకు. ఎక్కువగా నంద్యాల మిల్లుల బియ్యం, అప్పుడప్పుడు మా ఊరి శిల్పులు చెక్కిన రాతి విగ్రహాలు. ఆయనకు లారీ మీద కోపం లేదు కానీ బస్సు డ్రైవర్ల మీద అసూయ ఉండేది. హైవే హోటల్లో బస్సు ఆగితే ఓనరు లేచి నిలబడతాడు, డ్రైవర్‌ను లోపల ఫ్యాను కింద కూర్చోబెట్టి వేడివేడిగా వడ్డిస్తాడు. లారీ డ్రైవర్‌కు మాత్రం బండి పక్కకు పెట్టమనే కేక వినపడుతుంది. నేను పైలట్ అవుతానన్న రోజునుంచీ నాయన ఒకటే మాట పట్టుకున్నాడు. తోలితే మనుషుల్ని తోలాలి. లోడు తోలిన వాణ్ణి ఎవడూ మనిషిగా చూడడు.

అలాంటి మనిషికి నేను లోడే తోలబోతున్నానని ఏ నోటితో చెప్పేది? మా బ్యాచ్‌లో మిగతావాళ్ళంతా ప్రయాణికుల విమానాల్లో చేరారు. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు విమానం మెట్ల మీద నిలబడి ఫోటోలు పెట్టారు. నేను రెండేళ్ళు ఇంటర్వ్యూలకు తిరిగి తిరిగి, చివరికి సరుకు రవాణా కంపెనీ పిలిస్తే ఒక్క నిమిషం కూడా ఆలోచించకుండా సంతకం పెట్టాను. ఆ తర్వాత ఆలోచించడానికి తీరిక దొరికింది.

పని మాత్రం నాకు మొదటి రోజునుంచే నచ్చింది. ఆ మొదటి రోజే పరువు పోగొట్టుకున్నాననేది వేరే విషయం. బయలుదేరే ముందు కో-పైలట్ కిందికి దిగి విమానం చుట్టూ తిరిగి ఒక్కొక్క భాగం చూసి రావాలి. నాకు బండి చుట్టూ తిరగడం కొత్త కాదు. ఎండాకాలం సెలవుల్లో లారీలో వెంట తీసుకుపోయినప్పుడు, బండి ఆపిన ప్రతిచోటా నాయన నా చేతికి చిన్న ఇనుప రాడ్డు ఇచ్చేవాడు. పది టైర్లనూ కొట్టి చప్పుడు వినాలి. గట్టిగా మోగితే గాలి ఉన్నట్టు, మెత్తగా పలికితే లేనట్టు. వెనక జంట టైర్లలో లోపలిది మోసం చేస్తుంది, దాన్ని రెండుసార్లు కొట్టాలి.

విమానం దగ్గర రాడ్డు లేదు. అందుకని పిడికిలి బిగించి ముందు చక్రాన్ని గట్టిగా రెండు గుద్దులు గుద్ది, చెవి పెట్టి విన్నాను. తర్వాత వెనక చక్రాలు. అన్నీ అయ్యాక, మా ఇంట్లో ఎవరైనా చేసే పనే, ముందు టైరును తాకి కళ్ళకు అద్దుకున్నాను. లేచి చూస్తే కెప్టెన్ చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. కేరళ ఆయన, నెమ్మదస్థుడు, జీవితంలో ఎవరి మీదా గొంతు పెంచి ఉండడు. ఏం చేస్తున్నావని అడిగాడు. గాలి చూస్తున్నానని చెప్పాను. గాలి చూడటానికి ఇంజనీరు దగ్గర గేజీ ఉందనీ, ఇన్నేళ్ళ సర్వీసులో ఏ టైరూ తనతో మాట్లాడలేదనీ ఎంతో మర్యాదగా చెప్పాడు. సాయంత్రానికి కంపెనీ మొత్తం నన్ను టైర్ మేడం అని పిలవడం మొదలుపెట్టింది. నా పిడికిలి కూడా వాచింది.

ఏం మోసుకుపోతామంటే చెప్పడం కష్టం. మందులు, ఫోన్లు, మామిడిపండ్లు, ఎవరెవరో ఆన్‌లైన్‌లో కొన్న చెప్పులు. ఒకరోజు పెట్టెల నిండా కోడిపిల్లలు వచ్చాయి. తలుపు మూసినా వాటి కిచకిచలు వినపడుతూనే ఉన్నాయి. ఆ నెమ్మదస్థుడే మైకు తీసుకుని, ప్రయాణికులకు స్వాగతం, బయట ఎండ బాగుంది, ఎవరూ సీట్లలోంచి లేవకండి అని ప్రకటన చేశాడు. నేను నవ్వుతూ నవ్వుతూ చెక్‌లిస్ట్ చదివాను. నాయనకు ఫోన్ చేసి ఈ సంగతి చెప్పాలని ఎంత అనిపించిందో. చెప్పడానికి వీల్లేదని గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది.

ఎందుకంటే అప్పటికే ఊళ్ళో విషయం నా చేయి దాటిపోయింది. నంద్యాలలో మా మేనత్త ఉంటుంది. నాయనకు అక్క. ఆమెకు ఒక్క మాట చెబితే పక్క మండలం గోస్పాడు దాకా ఇంకెవరూ చెప్పనక్కర్లేదు. ఢిల్లీలో ఉన్న కూతురి దగ్గరికి పోవడానికి రైలు మానేసి నా విమానం కోసం కాచుకుని కూర్చుంది. నాయన అంతకన్నా ముదిరాడు. ఆయన ఇంతవరకు విమానం ఎక్కలేదు. ఎక్కితే బిడ్డ తోలేదే ఎక్కుతానని తెల్ల చొక్కా కుట్టించాడు. వారానికోసారి ఫోన్ చేసి ఎప్పుడని అడిగేవాడు. ట్రైనింగ్‌లో ఉన్నప్పుడు ఇంటివాళ్ళను ఎక్కించకూడదన్నాను. ట్రైనింగ్ అయిపోయాక పొగమంచన్నాను. మంచు పోయేసరికి ఎండాకాలం రద్దీ అన్నాను. ఇక వానలు మిగిలాయి.

వానలు రాకముందే నాలుగు రోజులు సెలవు దొరికింది. ఈసారి చెప్పేయాలని గట్టిగా అనుకుని నంద్యాలలో బస్సు మారి ఆళ్లగడ్డలో దిగాను. అత్త ఇంటికి పోకుండా, ఎవరి కంటా పడకుండా, దొంగలా.

లారీ మానేశాక నాయన మా ఇంటికి దగ్గర్లోనే ఒక శిల్పి షెడ్డులో పని చూస్తున్నాడు. చెక్కడం కాదు, చెక్కిన వాటిని బండికి ఎక్కించి కట్టించే పని. విగ్రహం కింద వరిగడ్డి ఎంత మందం వేయాలి, ముక్కూ చెవులకు ఎక్కడ మెత్తలు పెట్టాలి, మోకు ఎటునుంచి ఎటు తిప్పాలి, ఇవన్నీ ఆయన చేతికి తెలుసు. నేను వెళ్ళేసరికి ఒక పెద్ద నందిని లారీలో పడుకోబెట్టి కడుతున్నాడు. పనివాళ్ళు టీకి పోయారు. నన్ను చూడగానే ఎప్పుడొచ్చావని కూడా అడక్కుండా మోకు కొస నా వైపు విసిరాడు. నేను బ్యాగు కింద పెట్టి పట్టుకున్నాను.

కూర్చోబెట్టి చెబుదామనుకున్నాను. కానీ చేతిలో మోకు ఉండటం మేలనిపించింది, ఎటు చూడాలో తెలియని ఇబ్బంది ఉండదు.

"నాయనా, నేను తోలేది లోడు విమానం. దాంట్లో మనుషులు ఎక్కరు."

ఆయన చేయి ఆగింది. నంది మెడ మీద అరచెయ్యి పెట్టి అలాగే నిలబడ్డాడు. తర్వాత మోకు బిర్రుగా ఇగ్గమన్నాడు. బలంకొద్దీ లాగాను. ముడి వేశాడు. ఇంకోపక్కకు వచ్చి ఇంకో ముడి వేశాడు. అంతసేపూ నేను మోకు వదల్లేదు.

"మళ్ళ ఎందుకు చెప్పలా?" అన్నాడు.

ఆయన ఆశపడ్డాడు కదా, బాధపడతాడని చెప్పలేదన్నాను. ఆ మాటే ఇన్ని నెలలుగా నాకు నేను చెప్పుకుంటున్నది. నాయన లారీ దిగి నా ఎదురుగా నిలబడ్డాడు. తిడతాడేమో అనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"నేను బాధ పడతాననా, నీకు సిగ్గయిందనా? ముప్పై యేండ్లు నేను తోలింది ఏం బండి పాపా?"

ఆయన కల చెదరకూడదని దాచానని నమ్ముతూ వచ్చాను గానీ, మెట్ల మీద నిలబడ్డ ఆ ఫోటోలు చూసినప్పుడల్లా నేను ఫోన్ బోర్లా పెట్టేసింది నాయన కోసం కాదు. నాకోసమే. ఆయన ఏ పనితో నన్ను చదివించాడో ఆ పని పేరు చెప్పడానికి నాకే మొహం చెల్లలేదు. అది ఒక్క మాటలో పట్టేశాడు. అబద్ధం చెప్పడానికి ఇక ఓపిక లేదు.

"అయింది నాయనా. కొంచెం సిగ్గయింది" అన్నాను.

ఆయన తల ఊపాడు. కోపం కనిపించలేదు. భుజం మీది తువ్వాలతో మొహం తుడుచుకుని, నా వైపు చూడకుండా, "నాకూ శానా దినాలు అయ్యేది. అందుకే నిన్ను మనుషుల్ని తోలమంటి" అన్నాడు.

నా జీవితంలో ఆయన నాతో చెప్పిన అతి పెద్ద రహస్యం అదే. మా ఇంట్లో ఇలాంటి చోట ఎవరో ఒకరు పనిలో పడతారు. నాయన ప్రశ్నల్లో పడ్డాడు. సరుకు దేని మీద పెడతారు? పెద్ద రేకు పళ్ళేల మీద పెట్టి వల వేస్తారని చెప్పాను. వలకు కొక్కేలు ఎన్ని? పళ్ళెం జరక్కుండా ఏం పట్టుకుంటుంది? ముందు ఎంత బరువు, వెనక ఎంత బరువు ఎవరు చూస్తారు? దానికి మనుషులు ఉన్నారు, వాళ్ళు లెక్క వేసి కాగితం ఇస్తారు, ఆ కాగితం మేము చూస్తామన్నాను.

అప్పుడొచ్చింది కోపం. కాగితం చూసి బండి తోలే డ్రైవర్‌ను ఆయన ఓనర్‌గా ఉంటే ఆ రోజే దించేసేవాడట. బరువు ఎక్కడుందో కళ్ళతో చూడకుండా స్టీరింగ్ ముట్టుకోవడమేంటని అడిగాడు. నేను కూడా ఊరుకోలేదు. లోపలికి పోయి వల లాగి చూస్తాననీ, పళ్ళేలను పట్టుకునే తాళాలు తొక్కి చూస్తాననీ, ఎవరూ చెప్పకపోయినా చూస్తాననీ గట్టిగా చెప్పాను. టైర్ల సంగతీ, కోడిపిల్లల సంగతీ కూడా చెప్పేశాను. కోడిపిల్లల దగ్గర నవ్వాడు. టైర్ల దగ్గర మాత్రం నవ్వలేదు. ఆ కెప్టెన్‌కు తెలీదులే అన్నాడు.

చివరికి ఎన్ని టన్నులని అడిగాడు. ఇరవై దాకా అని చెప్పాను. ఆయన తన బండిని తలుచుకుని మనసులో ఏదో లెక్క వేసుకుంటుంటే జేబులో ఫోన్ మోగింది. నంద్యాల నుంచి అత్త. చేతులకు గడ్డి అంటుకుని ఉందని స్పీకర్ పెట్టాడు. పాప వచ్చిందంట కదా, బస్టాండులో ఎవరో చూశారంట, నా టికెట్ సంగతి అడిగినావా అని ఆమె మొదలుపెట్టింది. నేను భయపడి ఫోన్ అందుకోబోయాను. ఏదో ఒకటి చెప్పి ఇంకో నెల గడపొచ్చు. నాయన నా చేయి పక్కకు నెట్టాడు.

అది లోడు బండి అక్కా, దాంట్లో మనుషులు ఎక్కరు అన్నాడు. అత్త గొంతు తగ్గించి, పక్కన నేను లేననుకుని, "అయ్యో, పాపకు మనుషుల బండి దొరకలేదారా?" అంది.

నాయన ఫోన్‌ను నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు. షెడ్డులోకి తిరిగొస్తున్న పనివాళ్ళకు కూడా వినపడేలా చెప్పాడు.

"దొరక్కపోవడమేందీ? ఇరవై టన్నులక్కా. నాకంటే నాలుగు టన్నులు ఎక్కువ తోల్తాండాది నా బిడ్డ."