ఒప్పుకున్నది సార్

గంగామణి బీడీలు చుట్టే ఇంట్లో పుట్టింది. తల్లిది మహారాష్ట్ర సరిహద్దున మద్నూర్ అవతలి పల్లె కావడంతో ఇంట్లో సగం మరాఠీయే నడిచేది. పదో తరగతి తప్పాక బాన్సువాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఆపరేషన్ గదిలో పనికి చేరింది. నాడి చూడడం, మత్తులో ఉన్నవాళ్ల గడ్డం ఎత్తిపట్టి ఊపిరి ఆడేలా చూడడం మత్తు డాక్టరు హరనాథబాబు ఆమెకు నేర్పాడు.

1993లో లాతూరు వైపు భూకంపం వచ్చిన మూడో రోజు, ఆయన ఒక సర్జన్‌తో కలిసి జీపులో మందులు వేసుకుని బయలుదేరాడు. మరాఠీ వచ్చునని గంగామణినీ తీసుకెళ్లాడు.

కూలిన ఊరి బయట డేరాలో ఆపరేషన్లు. కరెంటు లేదు, మత్తు యంత్రం లేదు. కెటమిన్ సూది ఒక్కటే దిక్కు. అది వేస్తే మనిషి కళ్లు తెరుచుకునే ఉంటాయి, తెలివి మాత్రం ఉండదు. రాతి గోడల కింద నలిగినవాళ్లను తలుపు చెక్కల మీద మోసుకొస్తూనే ఉన్నారు. ఎప్పుడు తిన్నారో అడగడం, చేయబోయేది చెప్పి సరేననిపించుకోవడం గంగామణి పని.

మర్నాడు మధ్యాహ్నం శేవంతా అనే ఇరవై రెండేళ్ల మనిషిని తెచ్చారు. మోకాలి కింద కుడికాలు నల్లబడింది. తీసేయాలన్నాడు సర్జన్. గంగామణి ఆ మాట చెప్పగానే శేవంతా ఆమె కొంగు పట్టుకుంది. "థాంబా, థాంబా," అంది, ఆగమని. భర్త సోలాపూరులో పనిలో ఉన్నాడని, సాయంత్రానికి వస్తాడని, ఆయన కోసం ఆగమని బతిమాలింది.

డేరా బయట ఇంకా ఆరుగురు ఉన్నారు. గంగామణి పొద్దుటి నుంచి కూర్చోలేదు. హరనాథబాబు సూది పట్టుకుని అడిగాడు.

"ఏమంటోంది గంగామణీ? ఒప్పుకుందా?"

"ఒప్పుకున్నది సార్."

సూది పడింది. కొంగు పట్టుకున్న వేళ్లను గంగామణి ఒక్కొక్కటిగా విడిపించుకుంది. సాయంత్రం భర్త వచ్చినప్పుడు పక్క డేరాలోకి తప్పుకుంది. మీ ఆమే ఒప్పుకుందని అతనికి ఎవరో చెప్పడం వినబడింది.

తిరిగొచ్చాక బాన్సువాడలో సభ పెట్టి గంగామణికి శాలువా కప్పారు. ఫోటోలో ఆమె నేల చూపులు చూస్తుంది. ప్రాణం కాపాడాలనే అలా అన్నానని తనకు తాను చెప్పుకోబోయింది. కానీ నిజం తనకు తెలుసు. మళ్లీ మొదటి నుంచి నచ్చజెప్పే ఓపిక లేక అంది.

2006లో బాన్సువాడ పక్క బీర్కూర్‌కు చెరకు కొట్టడానికి వచ్చిన ఒక కూలీ మనిషి తెగిన చేత్తో ఆసుపత్రికి వచ్చింది. ఆమెది శేవంతా ఊరే. కట్టు కడుతూ గంగామణి అడిగింది. శేవంతా బతికే ఉందని, మొగుడు వచ్చేదాకా ఆగకుండా కాలు తీయించుకున్న మొండిదని ఆ ఇంట్లో ఇప్పటికీ దెప్పుతారని ఆ మనిషి చెప్పింది.

గంగామణి కట్టు ముగించి ఆమెను పంపింది. సాయంత్రం హరనాథబాబు ముందు నిలబడింది.

"లాతూరు దిక్కు కాలు తీసినమే, గామె ఒప్పుకోలే సార్. నేనే అబద్ధం చెప్పిన."

"ఆమె నీ కొంగు పట్టుకోవడం నేనూ చూశాను. నేను ఇంకోసారి అడగాల్సింది," అన్నాడు ఆయన. శేవంతా ఊరు పోయి చెప్పొస్తానని గంగామణి అంటే, తానూ వస్తానన్నాడు. వద్దని ఆమె ఒక్కతే బస్సెక్కింది.

శేవంతా, భూకంపం తర్వాత కట్టిన కొత్త కాలనీలో ఇంటి ముందు జొన్నలు చెరుగుతోంది. భర్త మంచం మీద ఉన్నాడు. గంగామణి తానెవరో చెప్పి, కూర్చోకుండానే జరిగిందంతా ఇద్దరి ముందూ చెప్పింది.

శేవంతా చేట కింద పెట్టింది. "కాలు నిలిచేది కాదని తర్వాత నాకూ తెలిసింది. కానీ ఆ మత్తులో నేనే సరే అన్నానేమో అనుకున్నాను, ఇన్నేళ్లూ," అంది. ఇప్పుడా రావడం అని అడిగింది. ముఖం చెల్లక రాలేదంది గంగామణి. ఇక వెళ్లమని శేవంతా చేట అందుకుంది.

భర్త గంగామణి వెనకే రోడ్డు దాకా నడిచి వచ్చాడు. బస్సు కనిపించాక అడిగాడు.

"నా కోసం ఆగమందా?"

"అంది. ఎన్నోసార్లు అంది."

అతను రోడ్డు పక్క రాయి మీద కూలబడ్డాడు. గంగామణి తల దించుకునే బస్సెక్కింది.