చెగోడీల డబ్బా మూత

సభల్లో నా నోరు మూయించినవాడు లేడు. బాబాలతో, జాతకాలవాళ్లతో, వాస్తు పండితులతో వేదికెక్కి వాదించినవాణ్ణి. చివరికి ఆ పని రాజమండ్రిలో పిల్లలకు స్పీచ్ థెరపీ చేసే ఒక అమ్మాయి చేసింది. నా కూతురికన్నా చిన్నది.

మా మనవరాలికి అప్పుడు మూడున్నరేళ్లు. అమ్మాయీ అల్లుడూ ఉద్యోగాలకు వెళ్తే పగలంతా మా దగ్గరే. చెవులు బాగా వినపడతాయి, మహా చురుకు. కానీ రెండు మాటలు కలిపి అనడం రాలేదు. కావలసినదాన్ని వేలితో చూపించి "ఆ" అనేది. వీధి పిల్లలు ఆటలో చేర్చుకోకపోతే అరుగు మీద నిలబడి చూసేది. బడిలో వేస్తే అక్కడా ఇలాగే నిలబడిపోతుందేమోనని మా భయం.

పక్కింటాయనది కిరాణా కొట్టు. రోజుకో వైద్యం మోసుకొచ్చేవాడు.

"మేష్టారూ, మా కొట్లో వసకొమ్ముందండి. అరగదీసి నాలిక్కి రాయండి. మావాడికి రాశాం, ఇప్పుడు ఆపమన్నా ఆపడండి."

"రాయకపోయినా ఆపడు లెండి. మీ పోలికే కదా."

ఆయన నవ్వేసి, చిలక కొరికిన జామకాయ తినిపిస్తే మాటలొస్తాయని దాని మహిమ ఎత్తుకునేవాడు. నేను ఊరుకుంటానా? చిలక ముక్కుకూ మనిషి మెదడుకూ సంబంధమేమిటని గంటసేపు నిలదీసేవాణ్ణి. మనవరాలు మా మధ్య కూర్చుని తల అటూ ఇటూ తిప్పుతుండేది.

ఇంట్లో పాప ఆడుకుంటుండగా పది నిమిషాలు వీడియో తీసి తెమ్మంది థెరపీ అమ్మాయి. తీసుకెళ్లాం. నేనూ, మా ఆవిడా, ఆ అమ్మాయీ కూర్చుని చూశాం. పాప అరటిపండు వైపు చూసిందో లేదో, మా ఆవిడ ఒలిచి చేతిలో పెట్టింది. గ్లాసు వైపు చూస్తే మంచినీళ్లు. బొమ్మ వైపు తిరిగితే బొమ్మ. ఇక నేను మొదటినుంచి చివరిదాకా మాట్లాడుతూనే ఉన్నాను. అదీ పాపతో కాదు, మూఢనమ్మకాల మీద.

"ప్రసంగం బాగుందండి తాతగారూ. పాప వంతు ఎప్పుడొస్తుందండి?"

మా ముఖాలు చూసి ఆ అమ్మాయే సర్దింది. తప్పు మాది కాదట. కొందరు పిల్లలకు భాష పట్టుబడటమే కష్టమట. అందుకే వాళ్లకు మాట్లాడే అవకాశాలు మరిన్ని కావాలట. పాపకిష్టమైనది లోపలివి కనబడే డబ్బాలో పెట్టి మూత బిగించాలి. చిన్న మాట ఒకటి చెప్పి, పాప ముఖం చూస్తూ మనసులో పది లెక్కపెట్టాలి. అంతదాకా ఎవరూ నోరెత్తకూడదు. ఏ కొంచెం ప్రయత్నించినా మూత తీసెయ్యాలి.

బస్సులో మా ఆవిడ అగ్గయిపోయింది. "పసిపిల్ల అడిగేదాకా పెట్టకూడదా? వచ్చినోళ్లు అడక్కముందే పెట్టే ఇల్లండి మనది. చుట్టాలు వింటే ఏవనుకుంటారు?"

"ఇది శాస్త్రీయ పద్ధతే."

"మీకేం. మీరు మాట్లాడకుండా ఉండాలి, అంతేగా."

ఆ "అంతేగా" ఎంత బరువో ఇంటికొచ్చాక తెలిసింది. నాలుగు దగ్గరే చెమటలు పట్టేవి. ఆరు దగ్గర "మూత అనమ్మా, మూత" అని జారిపోయేవాణ్ణి. ఎనిమిది దాకా నిలబడ్డ రోజున మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, పాప గుప్పిట్లో చెగోడీ పెట్టి చక్కా పోయింది. ఒకరి దొంగతనం ఒకరం పట్టుకుంటూ రెండు నెలలు గడిపాం.

ఒక సాయంత్రం పక్కింటాయన వచ్చి కూర్చున్నాడు. అడక్కముందే కాఫీ వచ్చింది.

"సైన్సు సైన్సంటారు. రెండు నెల్లుగా మీ సైన్సు ఏం చేసిందండి? చెప్పండి!"

గొంతు సవరించుకున్నాను. సరిగ్గా అప్పుడే పాప చెగోడీల డబ్బా తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

"మూత," అన్నాను. లెక్క మొదలుపెట్టాను.

"చూశారా, సమాధానం లేదు!" మూడు.

"మేష్టారంతటి వారికే మాట పడిపోయిందండోయ్!" ఐదు. వీధిలో పోయేవాళ్లు ఆగి చూశారు. ఏడు. మా ఆవిడ చెయ్యి డబ్బా వైపు రాబోయి, తన కొంగునే తను గట్టిగా పట్టుకుంది. తొమ్మిది.

"తాతా... మూత."

మూత తీసి చెగోడీ చేతికిచ్చాను. పక్కింటాయన తొడ చరిచాడు. "పనిచేసిందండీ! పొద్దున్న మీకు తెలీకుండా చిలక కొరికిన జామకాయ ముక్క పెట్టాను!"

ఆయన్ని అక్కడికక్కడే చిత్తు చేసే జవాబు నా నాలుక చివరదాకా వచ్చింది. ఇంతలో పాప చెగోడీ నములుతూ మూత తనే బిగించి, డబ్బా మళ్లీ నా ఒళ్లో పెట్టి నా ముఖంలోకి చూసింది.

జవాబు మింగేశాను. ఒకటి.