నడిదిబ్బ మీది రాయి

టప్... టప్... తడికాగితం మీద బ్రష్షు కొట్టే చప్పుడు, మనిషి కనబడకముందే నీళ్ల మీదుగా రాజం పడవను చేరింది. ధర్మపురి దగ్గర గోదావరి నడిదిబ్బపై, పురావస్తు శాఖ పురుషోత్తం రావు అరిగిపోయిన పాత బలిపీఠం మీది రాత అచ్చు తీయడానికి కాగితం అంటించి సిరా అద్దుతున్నాడు. రోజంతా ఒంటరే, పసివాడి మొహంలా రాయిని కండువాతో తుడుస్తుంటాడు. ఒక్క అక్షరమైనా దొరక్కపోతే ఆఫీసు దాన్ని వదిలేస్తుంది.

"దూరంకెల్లి అడవిల అన్నల పోస్టరనుకున్న సారూ," నవ్వాడు రాజం. "అన్నలు ఏరు దాటుతున్నరని రేపటిసంది పడవలు బంద్ జేయుమన్నరు పోలీసోళ్లు. ఏమన్న దొరికిందా?"

కాగితం లేచింది. అంతా నలుపే, నడుమ అరచేయంత తెల్లటి మచ్చ తప్ప. సిరా అంటని ఆ చోట రాతిలో గుంట. ఎన్ని తరాలు తాకి మొక్కితే పడ్డదో! పురుషోత్తం రావు రాతి గుంటలో చెయ్యి పెట్టాడు. సరిగ్గా కుదిరింది.

"అక్షరాలు గోదారి తిన్నది రాజం. నేనిగ రాను. మళ్ల పడవ తిరిగిననాడు నువ్వచ్చి గీడ చెయ్యి పెట్టిపో. దీనికి మనుషులు అలవాటు."