ఆరో నంబరు బూట్లు

పొద్దున ఐదుముప్పావు అయిందంటే చాలు, నా ఫోను మోగడం మొదలవుతుంది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడు ఊళ్లలో పరిగెత్తేవాళ్లు కలిసి పెట్టుకున్న వాట్సాప్ గ్రూపు అది. అందులో ఒక పద్ధతి ఉంది. పరుగు అయిపోగానే ఎన్ని కిలోమీటర్లు, కిలోమీటరుకు ఎన్ని నిమిషాలు అని చూపించే స్క్రీన్‌షాట్ ఒకటి, దుమ్ము కొట్టుకున్న షూస్ ఫోటో ఒకటి పెట్టాలి. దీన్ని మేం అటెండెన్స్ అంటాం. ఏడు లోపు పెట్టకపోతే ఒంట్లో బాగాలేదా మేడం అని ఎవరో ఒకరు అడుగుతారు. పెడితే చప్పట్లు, దండాలు, కండలు తిరిగిన చేతుల బొమ్మలు వరసగా వచ్చి పడతాయి. ఇరవై రెండేళ్లుగా బడిలో పిల్లల అటెండెన్స్ తీసుకుంటున్నదాన్ని, నా అటెండెన్స్ నేను ఇంకొకరికి ఇచ్చుకోవడం మొదట్లో సరదాగానే ఉండేది. ఇప్పుడు ఆ మోత వింటే ఒళ్లు మండుతుంది. మంట గ్రూపు మీదా నా మీదా అంటే, రెండూ అనే చెప్పాలి.

నేను సరదాకి పరుగు మొదలుపెట్టలేదు. డాక్టరు నా రిపోర్టు చూసి, మాత్రలతో ఇక ఆగేట్టు లేదు, ఒళ్లు కదిలించి షుగరు దించుకోండి, లేకపోతే ఇన్సులిన్ సూదే అన్నాడు. సూదంటే నాకు చచ్చేంత భయం. బడిలో టీకాలు వేసే రోజు పిల్లలకు ధైర్యం చెప్పి, నేను మాత్రం వరండాలోకి వెళ్లి నిలబడే రకాన్ని. కాబట్టి పరిగెత్తక తప్పలేదు. అయితే కోదాడలో తెల్లవారకముందు ఒక ఆడమనిషి ఒంటరిగా రోడ్డెక్కడం అయ్యే పని కాదు. మా వీధి చివర కుక్కల గుంపు ఉంటుంది. అది దాటితే సిమెంటు లారీలు తిరిగే రోడ్డు. తెల్లారాక వెళదామంటే వంట, క్యారేజీలు, బడి. తోడు లేకపోతే నా పరుగు లేదు, అంతే.

ఆ తోడు మా వీధిలోని టైలరక్క. నాకంటే రెండేళ్లు పెద్ద. మునగాల పక్క ఊరి నుంచి వచ్చి ముందు గదిలో కాలిమిషను పెట్టుకుంది. మా వీధిలో ఆమె కుట్టిన రవిక వేసుకోని ఆడవాళ్లు లేరు. రోజంతా కూర్చుని నడుము పట్టేస్తోందని ఆమె అంటే, నాతో రమ్మని నేను పిలిచాను. మర్నాడు తనే కుట్టుకున్న పంజాబీ డ్రెస్సులో వచ్చింది. తాళంచెవి పెట్టుకోవడానికి పక్కన జేబు కూడా కుట్టుకుంది. కాళ్లకు వెనక పట్టీ ఉన్న పాత సాండల్స్.

కాలేజీ గ్రౌండు దాకా వెళ్లి నాలుగు చుట్లు కొట్టి వచ్చేవాళ్లం. నలభై నిమిషాలూ ఆమె మాట్లాడుతూనే ఉండేది. ఎవరి పెళ్లికి ఎన్ని రవికలు వచ్చాయో, ఎవరు సన్నబడి కొలతలు మార్పించుకున్నారో, అన్నీ చెప్పేది. నేను వగరుస్తూ ఊ కొట్టేదాన్ని. ఎప్పుడూ నాకంటే అర అడుగు ముందుండేది, అంతకు మించి కాదు. కుక్కల దగ్గరికి రాగానే నాకూ వాటికీ మధ్యకు వచ్చి "హెయ్" అనేది, అవి తప్పుకునేవి. అదే మాట నేనంటే ఇంకా దగ్గరికి వచ్చేవి. మొదటి నెలంతా మేడం అని పిలిచిన మనిషి, ఒకరోజు గ్రౌండులో నేను తట్టుకుని పడబోతే "పైలం చెల్లే" అంది. ఆ రోజు నుంచి నేను ఆమెకు చెల్లెనే. మూడు నెలల పరీక్షలో షుగరు కొంచెం దిగింది.

అక్కడితో ఆగి ఉంటే నాకు ఇది రాసే పని ఉండేది కాదు. మా సైన్సు మాస్టారు నన్ను గ్రూపులో చేర్చాడు. డాక్టర్లు, బ్యాంకు వాళ్లు, రైసుమిల్లుల వాళ్లు, మేళ్లచెరువు వైపు సిమెంటు ఫ్యాక్టరీలో చేసే ఒక ఇంజనీరు, అందరూ ఉన్నారు. మంచివాళ్లే. నేను కిలోమీటరు పరిగెత్తినా కొండ ఎక్కినంత సంబరపడేవాళ్లు. టైలరక్కకు అలాంటి ఫోను లేదు కాబట్టి ఇద్దరి అటెండెన్సూ నేనే పెట్టేదాన్ని. ఒక స్క్రీన్‌షాట్, నాలుగు కాళ్ల ఫోటో. రెండు కాళ్లకు షూస్, రెండు కాళ్లకు సాండల్స్.

మూడోరోజుకే సానుభూతి మొదలైంది. పాపం ఆమెకు షూస్ లేవా అని ఒకరు. సాండల్స్‌తో పరిగెత్తితే మోకాళ్లు అరిగిపోతాయని ఇంకొకరు. ఇంజనీరుకు నాలుగు జతలు ఉన్నాయి, మెల్లగా పరిగెత్తడానికి ఒకటి, వేగానికి ఒకటి, వానకు ఒకటి, నాలుగోది దేనికో నాకిప్పటికీ తెలియదు. ఆయన మడమ కింద మెత్తదనం ఎంతుండాలో వివరంగా రాశాడు. తలా కొంచెం వేసి కొనిద్దామని మిర్యాలగూడ నుంచి ఒకాయన అన్నాడు. అది చదివి నాకు తలకొట్టేసినట్టయింది. నా పక్కన పరిగెత్తే మనిషికి ఊరంతా చందా వేసుకోవాలా? ఎవరూ అక్కర్లేదు, నేనే కొనిస్తున్నానని రాసేశాను. నలభై చేతులు దండం పెట్టాయి.

ఇక్కడ నేను చేసిన పని చెప్పాలి. నాకు షూస్ కొనుక్కునేటప్పుడు సూర్యాపేట దాకా వెళ్లాను. దుకాణంలో మూడు జతలు వేసుకుని అటూ ఇటూ నడిచాను. పరిగెత్తితే పాదం ఉబ్బుతుంది, ముందు బొటనవేలంత జాగా ఉండాలి, మామూలు నంబరు కంటే ఒకటి పెద్దది తీసుకోవాలి అని దుకాణమతను చెప్పినవన్నీ చూసుకుని తీసుకున్నాను. ఆమెకు మాత్రం, ఆమె లోపలికి నీళ్లు తాగడానికి వెళ్లినప్పుడు గుమ్మం దగ్గర సాండల్ తిరగేసి చూశాను. అరిగిపోయి ఆరు అని కనపడీ కనపడనట్టుంది. ఆరో నంబరు ఆర్డరు పెట్టేశాను. చెప్పకుండా ఇచ్చి, డబ్బా విప్పుతుంటే ఫోటో తీయాలని నా ఉబలాటం.

తీశాను కూడా. గులాబీరంగు అంచున్న బూట్లు ఒళ్లో పెట్టుకుని, ఎటు చూడాలో తెలియక మిషను వైపు చూస్తున్న ఫోటో అది. వేసుకుంది, లేచి నిలబడింది, సరిపోయినయి అంది. ఇచ్చినవాళ్ల ముందు నిలబడి ఇంకేమంటుంది!

సరిగ్గా అప్పుడే గ్రూపులో వంద రోజుల ఛాలెంజ్ పెట్టారు. వంద రోజులు ఒక్కరోజు కూడా మానకూడదు, మానితే మళ్లీ ఒకటి నుంచి. నేను ఇద్దరి పేర్లూ ఇచ్చాను. ఆమెను అడిగాననే అనుకుంటాను, కానీ ఎప్పుడు అడిగానో గుర్తు రావడం లేదు.

పదో రోజుకు ఆమె నా వెనకబడింది. కబుర్లు తగ్గాయి. జర పట్టేస్తున్నయి చెల్లే అంది. కొత్తవి కదా, అలవాటైతది అన్నాను. ఇంకో వారానికి వేళ్లు మండుతున్నాయంది. గ్రూపులో అడిగాను. నొప్పి రెండు రోజులే, గెలుపు ఎప్పటికీ అని ఒకరు, మనసు గట్టిగా ఉంటే కాలు మాట వింటుందని ఒకరు రాశారు. మెచ్చుకుంటూ చప్పట్లు కొట్టినవాళ్లలో ఇద్దరు డాక్టర్లు. అవన్నీ ఆమెకు చదివి వినిపించాను. మూడోసారి చెప్పినప్పుడు నేను నాలుగడుగులు ముందున్నాను, సరిగా వినిపించలేదు. నిజం ఒప్పుకోవాలంటే, ఆమెకంటే ముందు పరిగెత్తడం నాకు బాగుంది. నా స్పీడు పెరిగిందనుకున్నాను. గ్రూపు వాళ్లూ అదే అన్నారు.

నలభై ఒకటో రోజు ఆమె రాలేదు. పెళ్లిళ్ల సీజన్, రవికలు మీద పడ్డాయంది. మర్నాడూ అదే. ఆ తర్వాత తలుపు కొట్టడం మానేశాను. ఒంటరిగా ఒకరోజు బయల్దేరి కుక్కల దగ్గరి నుంచి వెనక్కి తిరిగి వచ్చాను. ఇంకోరోజు మా డాబా మీద గుండ్రంగా పరిగెత్తితే కింద కిరాయికున్నవాళ్లు పైకి వచ్చారు. నా లెక్క మళ్లీ ఒకటికి పడింది. ఏడుపొచ్చినంత పనైంది. ఇంత చేస్తే ఈమెకు పట్టుదల లేకపోయిందే అని ఆమెను తిట్టుకున్నాను, చేసినదంతా నేనే అన్నట్టు.

మీ పార్ట్‌నర్ ఏరి అని గ్రూపులో రోజూ అడుగుడే. చివరికి సూర్యాపేట బ్యాంకు ఆఫీసరు ఆమె కోసం వాయిస్ మెసేజ్ పంపాడు. ఒక సాయంత్రం వెళ్లి మిషను పక్కన నిలబడి దాన్ని పెట్టాను. అమ్మా మీరు ఆగొద్దు, మీ వెనక మేమంతా ఉన్నాం అని రెండు నిమిషాల పాటు ఆయన గొంతు. ఆమె నోట్లో దారం కొస పట్టుకుని మొత్తం విన్నది. సారు మంచిగ చెప్పిండు అని, మళ్లీ తొక్కుడు మొదలుపెట్టింది.

ఆ నెల గ్రూపంతా కలిసేది మిర్యాలగూడలో. ఇంజనీరు కారులో నలుగురం తెల్లవారుజామునే బయల్దేరాం. ఊరు దాటాక రోడ్డు పక్కనే సాగర్ కాలువ వస్తుంది. అప్పుడే వెలుతురు పడుతోంది. కాలువ కట్ట మీద ఎవరో ఆడమనిషి పరిగెత్తుతోంది. పక్కన జేబున్న పంజాబీ డ్రెస్సు. వెనక పట్టీ సాండల్స్. నేను గుర్తుపట్టే లోపే కారు ఆమెను దాటేసింది, మెడ తిప్పి వెనక అద్దంలోంచి చూశాను. అంత వేగంగా ఆమె పరిగెత్తడం నేనెప్పుడూ చూడలేదు. నా పక్కన పరిగెత్తింది అందులో సగం కూడా కాదు. ఆ అర అడుగు దూరం ఎందుకుండేదో కారులో కూర్చుని అర్థమైంది.

ఇంజనీరూ చూసినట్టున్నాడు. ఎవరో పాపం, ఆ సాండల్స్‌తోటి మోకాళ్లు ఖరాబైతయి, ఎవరన్నా చెప్తే బాగుండు అన్నాడు. నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. మిర్యాలగూడలో పరిగెత్తి, ఇడ్లీ తిని, ఫోటోలో రెండు వేళ్లు చూపించి వచ్చాను.

వారం తర్వాత పరీక్ష చేయిస్తే షుగరు మళ్లీ పైకి ఎక్కింది. డాక్టరు ఇంకో మూడు నెలలు చూస్తానన్నాడు, అదే ఆఖరు గడువు అన్నాడు. అప్పుడు వెళ్లాను ఆమె ఇంటికి. మన్నించమని అడగడానికి వెళ్లానని చెప్పుకుంటే బాగుండేది. ఆమె లేకపోతే నాకు సూది తప్పదు కాబట్టి వెళ్లాను.

మిషను పక్కన అరలో బూట్ల డబ్బా శుభ్రంగా మూత పెట్టి ఉంది. ఆమె పాదాలు పెడలు మీద ఉన్నాయి. రెండు బొటనవేళ్లకూ గోళ్లు లేవు. వాటి జాగాలో నల్లగా కమిలిన చర్మం, అంచున కొత్త గోరు సన్నగా వస్తోంది. ఇన్నిసార్లు వచ్చి మిషను వైపూ ఫోను వైపూ చూశాను గానీ కిందికి చూడలేదు.  నొప్పి ఇంతుందని గట్టిగా చెప్పొచ్చు కదా అక్కా అన్నాను. అంత చూసి కూడా తప్పు ఆమె మీదికే తోశాను.

ఆమె కోపం తెచ్చుకోలేదు. కుడుతున్న రవిక తిరగేసి లోపలి అంచు చూపించింది.

"నేను గీడ రెండు వేళ్లంత గుడ్డ వదుల్త. రేపు మనిషి లావైతే విప్పుకోవచ్చు. ఆ బూట్లల్ల యాడ విప్పాలె? మూడుసార్లు చెప్పిన మేడం. మీరు ఫోన్ల అడిగిండ్రు. నా కాళ్లు సూడలే."

మేడం అన్నది. గోళ్ల కంటే ఎక్కువగా అదే తగిలింది నాకు. కట్ట మీదికి నేను కూడా రావొచ్చా అని అడిగాను. ఆమె దారం కొరికి, సూదిలోకి ఎక్కించుకుంది.

"రాండ్రి. కట్ట నాది కాదు గద. కుక్కల కాణ్నుంచి దాటిస్త. కట్ట ఎక్కినంక మాత్రం నేను ఆగ."

ఇప్పుడు రోజూ వెళుతున్నాను. గుమ్మం దగ్గర నిలబడి ఉంటుంది, నాకు అడ్డంగా వచ్చి కుక్కల్ని అదిలిస్తుంది, కట్ట ఎక్కగానే వెళ్లిపోతుంది. తూము మలుపు దాకా కనిపించి ఆ తర్వాత కనిపించదు. ఫోను ఇంట్లోనే వదిలేస్తున్నాను, ఎన్ని కిలోమీటర్లో నాకు తెలియదు, గ్రూపులో ఇరవై మంది ఏమైంది మేడం అని అడిగి ఊరుకున్నారు. వచ్చే నెల పరీక్షలో ఏమొస్తుందో కూడా తెలియదు.

నేను సగం దూరం వెళ్లేసరికి ఆమె చివరిదాకా పోయి తిరిగి వస్తూ ఎదురవుతుంది. నలభై నిమిషాలు కబుర్లు చెప్పిన మనిషి, ఆ ఒక్క క్షణంలో నన్ను దాటిపోతూ నా షూస్ వైపు చూసి, "లేసు ఊడింది మేడం" అంటుంది. నేను వంగి కట్టుకుని లేచేసరికి, వెనక్కి తిరిగి చూస్తే ఆమె చాలా దూరం వెళ్లిపోయి ఉంటుంది.