పేడలో దాచిన గుమ్మడి పిక్కలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో గుమ్మడికాయ కొయ్యాలంటే మొదటి గాటు నాన్నదే... పూర్తి కాయను ఆడవాళ్లు కొయ్యకూడదనేవారు. ఆ తర్వాత అమ్మ లోపల చెయ్యి పెట్టి, జిగురుతో సహా గింజలన్నీ చాటలోకి లాగేది. వాటిని మేం పిక్కలంటాం.

బూడిద రాసి, కడిగి, ఎండబెట్టేది. సన్నవి ఉప్పునీళ్లు చిలకరించి మాకు వేయించేది. లావువి విత్తనానికి... పచ్చి పేడలో గుచ్చి పిడకలా గోడకి కొట్టేది. పురుగు పట్టకుండా వానల దాకా అక్కడే ఉండేవి.

ఓసారి జ్వరం తగ్గాక నాకు కాళ్లు నిలవలేదు. అమ్మ ఆ పిడక విరిచేసింది.

"ఇత్తులన్నీ తినీస్తే వచ్చే ఏడు ఏటి పాతుతావే?" అని నాన్న అరిచాడు.

"ముందు గుంట నెగిసి నిలబడనీ... ఇత్తులేటి, ఎవులింటికెల్లినా దొరుకుతాయి!"

గుంటంటే నేనే. అమ్మ ఒలిచిపెడుతుంటే తిన్నాను... ఎంత కమ్మగా ఉండేవో.

నాకూ ఓ కూతురు పుట్టింది. పెద్దదయ్యాక నీరసపడిపోతుంటే డాక్టరమ్మ మందులు రాసి, గుమ్మడి గింజలు కూడా తినమంది. మాంసకృత్తులు, ఇనుము ఉంటాయట. మా అమ్మకి ఆ పేర్లు తెలీవు... 'బలం' అనేది, అంతే.

కిందటేడు నా కూతురే పేడ కలిపి లావు పిక్కలు గుచ్చింది. అవి కూడా నువ్వే తినవే అంటే నవ్వింది.

"ఓలమ్మా, అన్నీ నాకే మేపీసి పందిరికి ఏటి ఎక్కిస్తావు? ఉండనీ!"

వానలు పడకముందే పోయింది నా చిట్టితల్లి.

గోడ మీద పిడక ఉండిపోయింది... దాని వేళ్ల అచ్చులతో. మా ఆయన పాదు తవ్వి, "ఇత్తులు తియ్యవేటే?" అని మెల్లగా అడిగాడు. తియ్యలేకపోయాను. విరిస్తే ఆ వేళ్లు పోతాయి. విరవకపోతే పిక్కలు చచ్చిపోతాయి... మరీ పాతదైతే గింజ మొలవదు కదా.

ఇప్పుడు రాజాం బజారు కొట్లో ఒలిచిన గింజలు ప్యాకెట్లలో దొరుకుతున్నాయి. ఎవరి చెయ్యి తగిలిందో తెలీదు...

నిన్న విరిచాను. ఎంత మెల్లగా విరిచినా పొడైపోయింది. పిక్కలు మాత్రం గట్టిగా ఉన్నాయి. అవి పాతి, ఆ పొడి కూడా పాదులోనే వేశాను.

మీ అమ్మలు పిక్కలు ఎలా దాచేవారో చెప్పండి... మీ ఇళ్లలో నీరసపడిన పిల్లలుంటే కూడా చెప్పండి. కాయలు కాస్తే, ఈసారి లావు పిక్కలు వాళ్లకే.